వాడకం లోపం

నాంపల్లిలో, వినియోగదారుల కోర్టు మెట్లకు ఎదురుగా
జిరాక్స్ షాపోళ్లు ఇచ్చిన మూరెడు జాగాలో
మందికి ఫిర్యాదులు టైపు చేసి పెడత నేను.
పేజీకి నలభై. తొందరుంటే యాభై.
చల్లబడని ఫ్రిజ్‌లు, కుట్లు ఊడిన సూట్‌కేసులు,
పెళ్లినాడు రాని బస్సు.
అందరి కోపాన్నీ 'అయ్యా, విన్నవించునది ఏమనగా'లోకి
మడతపెట్టే పని.

మృగశిర మర్నాడు నా అడాప్టర్ వాసన కొట్టింది,
మాడిన చింతగింజ వాసన.
నల్ల ఇటుకముక్క. లోపల ఎవరో సన్నగా ఈల వేస్తున్నట్టు.
ఒక పక్కకు వంచి పడితే ఎక్కుతది కరెంటు,
వదిలేస్తే పోతది.
స్టేప్లర్ మీద ఆనించి, రబ్బరు బ్యాండు చుట్టి
పదకొండు రోజులు నడిపిన.

సీటీసీలో మొయిజ్ భాయ్ దాన్ని చేతిలో తూకం వేసి చూసి
తిరిగి నా చేతిలోనే పెట్టిండు.
"ఖోల్నా నక్కో, అంబుజా బీ.
సీల్ టూటా తో వారంటీ గయీ."
తర్వాత సొరుగు లాగి చూపించిండు:
ఇదే కంపెనీవి, ఇదే రకం, ఇరవై మూడు.
ఉబ్బినవి, ముక్కు కాలినవి,
గంపలో చచ్చిన కొర్రమీన్ల లెక్క.
ఇన్ని కాలితే అది వాడినోళ్ల తప్పెట్లయితది అని
నేను అన్లే. ఆయనా అన్లే.
ఫోన్‌లో ఫొటో తీసుకున్న.

బేగంపేట సర్వీస్ సెంటర్ చల్లగుంటది.
టోకెన్ అరవై రెండు.
నీలం చొక్కా పిల్లగాడు పిన్నును టార్చి కింద పెట్టి
డాక్టర్ లెక్క తల ఊపిండు.
"వంగింది మేడం. కంపెనీ దీన్ని వాడకం లోపం అంటది."

వాడకం లోపం.
ఆ మాట ఎన్నిసార్లు కొట్టిన నేను!
ఎదుటి పక్షం జవాబులో, మూడో పేరాలో వస్తది,
ఎప్పుడూ మూడో పేరాలోనే.
నాకే చెప్పినంక గాని తెల్వలేదు
అది చెంప మీద ఎక్కడ తగుల్తదో.

వాడకుంట బీరువాల దాచుకునేటందుకా కొన్నది, బాబూ?
కొత్తది మూడు వేల రెండొందలట.
ఎనభై పేజీలు.
మనసుల లెక్కేసి లేచొచ్చిన.

ఆ రాత్రి బ్యాటరీ పద్నాలుగు శాతం.
వెలుతురు తగ్గించి, అందరికీ కొట్టే ఫారమే తెరిచిన.
'ఫిర్యాదుదారు' అని ఉన్న కాడ
వేళ్లు ఆగినయి.
చిలువేరు అంబుజ. వయసు నలభై ఆరు. వృత్తి...
ఇక్కడ తొమ్మిదికి పడ్డది.
వృత్తి: ఇదే.

'అయ్యా' తీసేసిన.
'విన్నవించునది' కూడా.
మొదటి వాక్యం 'కాలింది' అని పెట్టి
ఇరవై మూడు నల్ల ముక్కల ఫొటో జతచేసి
మూడు శాతం కాడ కంపెనీకి పంపిన.

నలభై దినాలకు జవాబు.
మార్చి ఇస్తరట. షరతు ఒకటి:
పాతదాని వైరును నడిమికి కత్తిరించి,
పక్కన పేరు, తారీఖు రాసిన కాయితం పెట్టి
ఫొటో పంపాలె.

కత్తెర పట్టుకొని చానసేపు కూసున్న.
మాది మగ్గం ఇల్లు. పోగు తెగితే
ఎంగిలి తడిచేసి అతికిన చేతులివి,
కావాలని తెంపుమంటే
ఎటు పట్టాలో తెలుస్తలే.

నడిమికి అన్నరు.
నేను మెడ కాడ తెంపిన.
రాగి పోగులు, సగం నల్లబడ్డవి.
వంగిన పిన్ను కాడ కాదు,
వాళ్లు అచ్చుపోసి మూసిన కాడనే చితికి ఉన్నయి.
దానికీ ఒక ఫొటో తీసి పంపిన.
ఎవరూ అడగలే.

కొత్తది వచ్చింది, బుడగల కవర్ల, మర్యాదగా.
గంటకోసారి చెయ్యి వెనక్కి తిప్పి
తాకి చూస్తున్న,
పిల్లకు జరం చూసినట్టు.

పొద్దుగాల షాపు ముందట ఒకాయన నిలబడ్డడు,
చంకల మూతలేని మిక్సీ.
"నాదే తప్పంటున్నరమ్మా, ఎక్కువ తిప్పిన్నంట."
కూసోండ్రి, అన్న.
ఏ తారీఖు కొన్నరు?