మూడో అంచె

డిసెంబరు ముప్పై ఒకటి, మనామా.
పదకొండో అంతస్తులో ఏసీ చప్పుడూ నేనూ.
ఈ రాత్రి పన్నెండు కొట్టే క్షణానికి
ఉన్న ప్రతిదానికీ ధర కట్టాలి.
కొన్నప్పటి ధర కాదు,
మేం ఆశపడ్డ ధర అసలే కాదు,
ఇప్పుడు, ఇక్కడ, అమ్మితే ఎంత.

మొదటి అంచె సులువు.
షేర్ల ధర బజారే అరిచి చెబుతుంది,
టమాటా గంప ముందు నిలబడ్డట్టు
విని రాసుకోవడమే.
రెండో అంచెలో అచ్చం అలాంటిది దొరకదు.
దాని అన్నదమ్ములు ఎంత పలికారో అడిగి
వయసుకింత, వంకరకింత తీసేస్తాం.

మూడో అంచెకి బజారే లేదు.
సిత్రాలో సగం లేచి ఆగిపోయిన గోదాములు,
అందులో మా వాటా పన్నెండు శాతం.
అడిగినవాడు లేడు, అమ్మినవాడు లేడు.
రాని అద్దెలు పదేళ్లవి ఊహించి
ఒక్కొక్కదాన్నీ వెనక్కి నడిపించుకొచ్చి
ఈ రాత్రి గుమ్మంలో నిలబెట్టాలి.
దారిలో అరిగినంత అరగనివ్వాలి.
తొమ్మిది శాతం అరిగిందంటే ఒక లెక్క,
పదకొండంటే ఇంకోటి.
ఆ రెండంకెల మధ్య
నాలుగు లక్షల దినార్లు మునిగి తేలుతున్నాయి.

మా నాయిన అంగడిలో ఎడ్ల దళారి.
చేతుల మీద తువ్వాలు కప్పి
దాని కింద వేళ్లతో బేరం చేసేవాడు.
నూరు మంది చుట్టూ మూగినా
నొక్కిన వేలు ఏదో తెలిసేది కాదు.
ఇక్కడి ముత్యాల వర్తకులూ
ఎర్రగుడ్డ కింద అట్లాగే చేసేవారట,
ఆడిటర్ హుదా చెప్పింది, వాళ్ల ముత్తాత మాట.
ఎవరి చేతులు వాళ్లం చూసుకుని నవ్వుకున్నాం.
ఇప్పుడా గుడ్డకి పేరు
'గమనించ వీలుకాని ఆధారాలు.'

పుస్తకంలో రాసి ఉంది:
ఇష్టపడి అమ్మేవాడు, ఇష్టపడి కొనేవాడు,
తొందర లేని బేరం.
ఆపదలో తెగనమ్మింది లెక్కలోకి రాదు.
నాయినా ఇదే అనేవాడు, ఇంకోలా:
"గడ్డి లేని ఎండకాలం తోలుకొచ్చిన ఎద్దుది
ధర కాదు బిడ్డా, అది ఏడుపు."

తొమ్మిదింటికి టీ తెచ్చాడు నడిపి గంగన్న.
క్లీనింగ్ కాంట్రాక్టరు అయిదు నెలల జీతం బాకీ.
సల్మాబాద్ క్యాంపులో నెల చీటీ,
ఆరు వందల దినార్లది,
నాలుగు వందల అరవైకి పాడుకున్నాడట.
"నూట నలభై ఇడిసిన సారూ,
తమ్ముని వీసా ఆగింది, పాటల ఎవ్వని మొకం సూడలే."
ఆ జీతం బాకీ కూడా
సగానికి కొంటానని ఒకడు తిరుగుతున్నాడట క్యాంపులో.

ఆయనకు చెబుదామా వద్దా అనుకుంటూనే చెప్పాను.
మా కంపెనీ సొంత బాండ్లు
మేం కట్టలేమేమోనన్న పుకారుకి
నూరు నుంచి డెబ్బైకి పడ్డాయి.
కాబట్టి మా అప్పు ముప్పై తగ్గినట్టు,
తగ్గింది లాభమై వేరే గడిలో కూర్చుంటుంది.
గంగన్న ట్రే పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు.
"అంటే మీ మీద నమ్మకం పోతే
మీకు పైసలొస్తయా?"
రావు, రాసుకుంటాం అన్నాను.
"నా మీద నమ్మకం పోతే
మిత్తి పెరుగుతది సారూ."

పదిన్నర శాతం వేశాను.
ఎందుకు పదిన్నరో ఆరు పేజీలు రాశాను.
హుదా రేపు అయిదు ప్రశ్నలు అడుగుతుంది,
నాలుగింటికి నా దగ్గర జవాబుంది.

అద్దం అవతల బాణసంచా మొదలైంది.
కప్పులు తీయడానికొచ్చిన గంగన్న
కాసేపు ఆకాశం చూసి
"అయిందా ధర కట్టుడు?" అన్నాడు.
అయింది. నీ అయిదు నెలలదే మిగిలింది,
ఎంతకిస్తావ్ అన్నాను, ఊరికే, చెయ్యి చాపి.
ఆయనదీ అంగడి ఊరే.
నవ్వి, తడి చెయ్యి చొక్కాకి తుడుచుకుని
బల్ల తుడిచే గుడ్డ మా చేతుల మీద కప్పాడు.
నా వేళ్లు నాలుగూ గట్టిగా పట్టుకున్నాడు.
ఒకటి వదిలాడు.
బయట ఏదో పచ్చగా పేలింది.
ఇంకోటి వదిలాడు.