మెడికల్‌కి ముహూర్తం

మొదటిసారి తొందరపడ్డాం.
"అన్నీ ముందే పెట్టేస్తే ఫైలు పరుగెడుతది" అన్నాడు యాదగిరి.
అమీర్‌పేటలో నాలుగో అంతస్తు, లిఫ్టు పనిచెయ్యదు.
ఆయాసంతోనే కూర్చున్నాం కన్సల్టెంట్ ముందు.
ముక్రమ్ సాబ్ కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్నారు:
"వాళ్లు అడిగేదాకా ఆగండి. మెడికల్ ఏడాదే బతుకుతుంది."

ఆగలేదు మేం.

సోమాజిగూడ సందులో క్లినిక్.
చల్లటి పలకకి ఛాతీ ఆనించి నిలబెట్టి
గోడ వెనక నుంచి ఎవరో
ఊపిరి పీల్చండి, బిగబట్టండి అన్నారు.
ఆ తర్వాత వదలండి అన్నారో లేదో
నాకిప్పటికీ గుర్తులేదు.

ఫైలు ఏ సముద్రం అవతలో కునుకు తీసింది.
పెరుగు ప్యాకెట్ తిప్పి చూసినట్టు
నా ఊపిరితిత్తుల మీద తేదీ చూసుకున్నాను ఒక పొద్దున.
రాత్రిదాకా ఆరోగ్యంగానే ఉన్నాను.
ఇవాళ, కాగితం ప్రకారం, ఏమో.
రెండు నెలల చిట్టీ డబ్బులు
దగ్గకుండా తుమ్మకుండా కాలం చేశాయి.

"వర్జ్యంల పోయుంటరు" అంది అత్తమ్మ, పంచాంగం తెరిచి.
నవ్వొచ్చింది గానీ
ముక్రమ్ సాబ్ గోడమీది క్యాలెండరూ అంతేగా.
ముందైతే దోషం, వెనకైతే దోషం,
నడుమ ఎక్కడో వెంట్రుకంత శుభఘడియ,
అది చూసి చెప్పినందుకు దక్షిణ.

మొన్న మంగళవారం, రాత్రి ఒకటిన్నరకి మెయిల్.
మళ్లీ మెడికల్. ఇరవై ఎనిమిది రోజులు గడువు.
యాదగిరి లేచి కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టాడు.
దుప్పటి కింద నేనూ లెక్కపెట్టాను,
నా వేళ్ల మీద, వేరే లెక్క.
నాది తొమ్మిది దగ్గర ఆగింది.

అదే సందు. చెరుకురసం బండి మాత్రం అవతలి పక్కకి మారింది.
ఫారంలో పదకొండో ప్రశ్న:
చివరి నెలసరి ఏ రోజున?
ఇంట్లో ఇంకా ఎవరూ అడగలేదు.
చూడని దేశం ముందుగా అడిగింది,
నల్ల అక్షరాల్లో, మర్యాదగా.
తేదీ రాశాను. సున్నా దగ్గర పెన్ను వణికింది.

ఎక్స్‌రే అమ్మాయి బ్యాడ్జి మీద నిస్సీ అని ఉంది.
ఫారం చూసింది. నన్ను చూసింది.
మీట దాకా పోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది.
"ముందు ఇది తేల్చుకుని రా అక్కా.
నిజమైతే కాన్పు దాకా ఆపమని రాయొచ్చు. రాస్తుంటారు."
తేదీ గడిలో చిన్న గీత గీసింది,
పెన్సిల్‌తో.
ఇంతకాలం మా కాగితాల మీద
చెరిపే వీలున్న గీత అదొక్కటే.

బయట బెంచీ మీద యాదగిరి,
మోచేతి మడతలో దూది అదిమిపట్టుకుని.
"అయిపోయిందా?"

టోకెన్ల తెర మీద నా నంబరు ఇంకా ఎర్రగా వెలుగుతోంది.
అతని పక్కన కూర్చున్నాను.
రక్తం ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది.
తియ్యమని ఎవరూ చెప్పలేదు కదా,
నొక్కుతూనే ఉన్నాడు.