నిమ్మచెక్క

ముత్తుకూరు రోడ్డులో రొయ్యల కంపెనీ.
గేటు దాటంగానే నిలువుటద్దం,
దాని నెత్తిన ఎర్రటి అక్షరాలు:
గాజులు తీసెయ్యండి
బొట్టు తీసెయ్యండి
పూలు, గోళ్ళరంగు, చెవులకున్నవి తీసెయ్యండి.

అన్నీ తీసేశాక మిగిలేది
నీలం టోపీ, తెల్ల మాస్కు,
మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు,
మధ్యలో యాడో రెండు కళ్ళు.
రెండొందల మందిమి
ఒకే మనిషిలాగా లోపలికి పోతాం.

నాకు అట్టానే బాగుండేది.
ఎత్తుపళ్ళు నావి.
ఇంటర్ గ్రూపు ఫోటో రోజున
"కొంచెం నోరు మూసుకో తల్లీ" అన్నాడు ఫోటో ఆయన.
మర్యాదగానే అన్నాడు పాపం.
అప్పట్నించి నవ్వు కంటే ముందే
నా కుడిచెయ్యి నోటి మీదికి పరిగెత్తుతుంది.
మాస్కు వచ్చాక
చేతికి సెలవు దొరికింది.

పెంచలమ్మకి పేరుతోనే పేచీ.
ఫోన్లో 'పెన్సీ' అని మార్చుకుంది,
మేం 'పెన్సిలూ' అని పిలిచి చంపుతాం.
కామాక్షికి మొటిమలు,
జీతం రోజున కొత్త క్రీము,
ఇరవయ్యో తారీకుకి పాత దిగులు.
మస్తాని ఒళ్ళు మీద
మస్తానే ముందు జోకు వేస్తుంది.
ఇంకెవరూ వెయ్యకముందే వేస్తుందని
కనిపెట్టటానికి నాకు ఏడాది పట్టింది.

లోపల ఐసునీళ్ళు.
తల తుంచు, పెంకు వొలువు, నరం లాగు.
తల తుంచు, పెంకు వొలువు, నరం లాగు.
గంటకిన్ని కిలోలని బోర్డు మీద రాస్తారు,
పేరుండదు, టోకెను నంబరే.
మధ్యాన్నానికి వేళ్ళు
మా అవ్వ వేళ్ళలాగా ముడతలు పడి తెల్లబోతాయి.

జూన్‌లో ఒకరోజు
వరసగా మూడోసారి నా నంబరు కింద ఎర్రగీత.
అదే పొద్దున గ్రూపులోను వాయిదా గుర్తుచేస్తా
ఇంటికాడ్నించి రెండు ఫోన్లు.
పెద్ద కష్టం కాదు, నాకు తెలుసు.
చిన్నవే, రొయ్యపెంకుల్లాగా
ఒకదాని మీద ఒకటి పడి
తొట్టి నిండిపోయింది అంతే.
బాత్రూంలోకి పోయి గడి పెట్టుకున్నా.
ఎంత నొక్కుకున్నా ఆగలా.

బయట ఎవరో వచ్చిన చప్పుడు.
తలుపు కొట్టలా, ఏమైందని అడగలా.
కొళాయి తిప్పింది,
పూర్తిగా, బకెట్టు పొంగి పొర్లేదాకా,
నా ఏడుపు సూపర్‌వైజర్‌కి వినపడకుండా.
తలుపు కింద సందులో
మస్తాని బూట్లు
నీళ్ళల్లో నిలబడే ఉన్నాయి.
బయటికొచ్చాక ఒకటే మాట:
"నీళ్ళు వృథా చేయించావు మే."

ఆరింటికి కంపెనీ బస్సు.
ఎన్ని సబ్బులు రుద్దినా పోదు వాసన.
అందుకే కామాక్షి సంచిలో రోజూ ఒక గూడూరు నిమ్మకాయ,
నలుగురికీ నాలుగు చెక్కలు.
గోటి సందుల్లో మంట పుట్టిందాకా రుద్దుకుంటాం.
ఆ మంటకి అలవాటు పడలేదు ఎవరమూ,
అందరం ఒక్కసారే "ఉస్" అంటాం,
డ్రైవరు అద్దంలో చూసి తల తిప్పుకుంటాడు.

నిన్న అడిగా పెన్సిల్ని,
"రెండొందల మందిలో నన్నెట్టా గుర్తుపడతావు మే?"
"నువ్వు నవ్వితే భుజాలు ఎగురుతాయి గదా" అంది,
"కోడిపెట్ట వానకి తడిసి విదిలించుకున్నట్టు."
నా పళ్ళ గురించి అంటుందేమోనని
ఊపిరి బిగబట్టి ఉన్నా నేను.
కోడిపెట్టంట!
నవ్వొచ్చేసింది,
చేతిలో నిమ్మచెక్క ఉండె,
చెయ్యి లేవలా.

సరిగ్గా అప్పుడే మస్తాని ఫోటో నొక్కింది.
సరిగ్గా అప్పుడే బస్సు గుంతలో పడింది.

రాత్రి పంపింది.
పెంచలమ్మ సగం ముఖం కిటికీలో కలిసిపోయింది,
కామాక్షి మొటిమలూ చెదిరిపోయాయి,
మస్తానిది బొటనవేలు ఒక్కటే.
మసక మసకగా అంతా,
నా పళ్ళు తప్ప.
ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు.

ఫోన్ ఎత్తి
ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశా, దూరంగా పెట్టుకుని చూశా.
వేళ్ళకింకా నిమ్మ వాసన,
దాని కింద రొయ్య వాసన.

ఇంకా తీసెయ్యలా.