సుద్దగీతల ఇల్లు

కొత్త ఇంటి కొలతలు కాగితం మీద రాసుకొచ్చాడు బెలార్మినో.
కాగితం మీద ఏ గదైనా పెద్దదే.
అందుకని సుద్దముక్క పట్టుకుని, ముడులేసిన దారంతో కొలుస్తూ
మా హాలు నేలమీద గీశాం దాన్ని:
ఒక పడకగది, గది అని మాటవరసకు అనే ఇంకొకటి,
ఒక వంటమూల, మోచేతులు ముడుచుకుని తిరగాల్సిన స్నానాలగది.
ఇల్లంతా హాల్లోనే పట్టేసింది.
కిటికీ వైపు ఇంకా రెండడుగులు మిగిలింది కూడా.

వారం రోజులు ఈ గీతల్లోనే బతికి చూద్దామన్నాడు.
నలభై ఏళ్లు కొండలిఫ్టు నడిపాడు వాడు,
వాల్పరైసో రేవు నుంచి పైకీ, పైనుంచి రేవుకీ.
పెట్టెలో నిలబడటం వాడికి కొత్త కాదు.
నేను ఓడలకు జెండాలు కుట్టినదాన్ని.
నా చేతిలో గుడ్డ ఎప్పుడూ గది కంటే పెద్దది.

గీత లోపలికి వచ్చినవి మాతో వస్తాయి,
బయట ఉన్నవి ఉండిపోతాయి. అదీ ఒప్పందం.
మొదటిరోజే మంచాలొచ్చాయి, కుట్టుమిషను, కెటిల్, రేడియో.
మంగళవారం నాన్న బల్ల మూడు కాళ్లు లోపల పెట్టింది,
నాలుగోది గోడలో నిలబడింది.
రంపం తేనా అన్నాడు. నేను మాట్లాడలేదు.
రాత్రి వాడే దాన్ని బయటికి జరిపాడు
చప్పుడు కాకుండా,
నేను నిద్రపోయాననుకుని.

ఆ తర్వాత మెట్లు అడగడం మొదలుపెట్టాయి.
మా ఇంటి నుంచి లారీ ఆగే చోటికి నూట ఎనభై ఆరు మెట్లు,
వాడి లిఫ్టు మూతపడి ఆరేళ్లు.
ప్రతి వస్తువునీ పట్టుకుని అడుగుతాయవి,
నిన్నెవరు మోస్తారు?
సూపుగిన్నె మూత ఉంది. గిన్నె భూకంపంలో పోయింది,
ఏ భూకంపమో ఇద్దరికీ గుర్తులేదు.
అలాంటి మూతలు మొత్తం ఏడు తేలాయి.
"ఇవెందుకు దాచామంటావక్కా?"
గిన్నెలు తిరిగొస్తాయని కాబోలు.

పక్కింటి ఇసౌరా మనవరాలు
సుద్ద గుమ్మం ముందు ఆగి
గాలిని తట్టింది, టక్కుటక్కుమని నోటితో అంటూ.
బెలార్మినో మోకాళ్లు పట్టుకుని లేచి వెళ్లి, తలుపు తీశాడు.
ఏడు మూతలూ దానికే ఇచ్చేశాం.
తాళాల్లా వాయించుకుంటూ మెట్లన్నీ దిగింది,
ఎక్కడిదాకా దిగిందో చాలాసేపు వినపడింది.
పిల్లి మాత్రం గోడల్లోంచే నడుస్తోంది.
తోకతో వంటమూల సగం చెరిపేసింది.

శుక్రవారం నా ట్రంకుపెట్టె తెరిచాం.
అమ్ముడుపోని జెండాలు, కుట్టు తప్పినవి, రంగు దిగినవి.
లోపల చోటు లేదు, నాకు తెలుసు.
ఒక్కటి మాత్రం తీశాను: పైనా కిందా పసుపు, నడుమ నీలం.
కిటికీకి కట్టాను, సముద్రానికి కనపడేలా.
"బాగుంది, పండగలా ఉంది," అన్నాడు తమ్ముడు.
నలభై ఏళ్లు నా పక్కన అన్నం తిన్నాడు,
జెండాలంటే రంగులే అనుకున్నాడట!
అర్థం చెప్పాను:
'దూరంగా ఉండండి, కష్టం మీద కదులుతున్నాను.'

నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చి,
వెనక్కి తడుముకుంటూ వెళ్లి కూలబడ్డాడు
నాన్న బల్ల దగ్గర.
"గీత దాటావు," అన్నాను.
"ఇంకా రెండ్రోజులుందిగా," అన్నాడు.

రేవులో ఒక పడవ కూత పెట్టింది.
మాకు కాదు, పొగమంచుకి.
కెటిల్ తీసుకుని నేనూ గోడలోంచి నడిచి వెళ్లాను.