పదకొండు మార్కులు

నెలకో గురువారం, చాపెల్ వెనక హాల్లో
ప్రొజెక్టర్ నా పని.
తడి కోట్ల వాసన, కెటిల్ రొద,
ఇడ్రిస్ తెచ్చే మెత్తబడ్డ అల్లం బిస్కెట్లు.
బయట వేల్స్ వాన, ఎప్పటి వానే.

పొరుగూరి జడ్జి ఇరవైకి మార్కులు వేస్తాడు.
"ఎడమ పక్క కాస్త కత్తిరిస్తే..."
ఏ జడ్జి వచ్చినా ఇదే మాట,
పురోహితుడి సంకల్పంలా.
ఏడాది చివర గెలిచినవాళ్లకి
వెండిపూత ఊడిన ఒక కప్పు.

మా ఏటిమొగలో ఒకటే కొంగ.
తొమ్మిదేళ్లు అందరం దాన్నే తీశాం:
మంచులో కొంగ, నలుపు తెలుపులో కొంగ,
నోటిదాకా వచ్చిన చేప జారిపోయిన కొంగ.
ఒక రాత్రి వరసగా ఏడు కొంగలు పడితే
బ్రన్‌వెన్ పకపకా నవ్వి
టీ ఒళ్లో ఒలకబోసుకుంది.
దాని జపం చేప కోసం,
మా జపం కప్పు కోసం.
ఎవరిది దొంగజపమో అడక్కండి.

ఈ చలికాలం అది రాలేదు.
ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఈ నెల అంశం "ఉదయం".
గ్వెన్లియన్ ఫొటో తెర మీదికొచ్చింది:
ఆటుకు బయటపడ్డ బురద,
పాత పడవ కట్టే గుంజ,
దాని పక్కన నీటిచెమ్మ.
అంతే.

జడ్జి కళ్లజోడు సవరించుకున్నాడు.
"వెలుగు బాగానే పట్టారు.
కానీ చూపు ఎక్కడ నిలవాలి?
అసలు వస్తువేదీ?"
పదకొండు.

హాల్లో ఇరవై ముగ్గురం
గుంజకు కుడివైపు, జానెడు దూరంలో,
ఒకే చోట చూస్తున్నాం.

తర్వాతి బొమ్మకు మీట నొక్కాల్సింది నేనే.
నొక్కలేదు, కాసేపు.