మణికట్టు

నారిన్ కొండల మీద మంచు ఇంకా కరగలేదు.
మూడు రోజుల గుర్రప్పిల్ల,
ముందుకాళ్ళు ముడుచుకుని పుట్టింది.
నిలబెడితే ముందుకు కూలబడుతోంది.

"మోకాళ్ళు కాదివి," అన్నాడు పశువైద్యుడు ఇసాబెక్
ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువుగా కోస్తూ,
"గుర్రానికి ఇక్కడుండేది మణికట్టు.
బతుకంతా అది చేతుల మీదే నడుస్తుంది."

బురుల్చా ఏమీ అనలేదు.
గొట్టం లోపల కంబళి ముక్కలు పరిచింది
ఎడమచేత్తో.
కుడిది గరిటెలా వంగి అతుక్కుంది.
పదకొండేళ్ళ కిందట, తాడు చుట్టుకుని
గుర్రం ఈడ్చుకుపోయిన రోజు,
దారులు మూసుకుపోయిన నెల.
కట్టు కట్టింది మొగుడు. ఎముకల గురించి అతనికి తెలిసిందల్లా
గొర్రెను కోసినప్పుడు ఎక్కడ విరవాలో.

రాత్రి రెండుసార్లు లేచింది.
బిగిస్తే పుండు, వదిలేస్తే వంకర.
వేలు దూరేంత సందుండాలన్నాడు.
ఆ కుడిచేతి వేలే దూర్చి చూసింది.
లాంతరు కింద పెట్టి
ఎవరూ లేరని చూసుకుని
తన రెండు చేతులూ గడ్డి మీద ఆనించి
బరువు మోపింది.
కాసేపే.

తొమ్మిదోనాడు
పిల్ల తనంత తానే తల్లి పొదుగు దాకా వెళ్ళింది,
టకటకమని, ప్లాస్టిక్ చప్పుడుతో.
బురుల్చా పాలబాల్చీని
ఎప్పట్లాగే మోచేతికి తగిలించుకుంది.