తెరవని గంటలు

మొదట్లో గోడ మీదే రాసిపెట్టేదాన్ని పాస్‌వర్డు,
మా ఆయన పేరూ, ఆయన పుట్టిన ఏడూ.
నెల తిరక్కుండా కురిక్ రేవు రేవంతా కంఠతా పట్టింది.
క్రేను మీద కూర్చున్నవాడు నా వైఫైతో సినిమాలు చూసేవాడు.
గల్లాపెట్టె దగ్గర నా కార్డు మిషను మాత్రం
తిరుగుతూ, తిరుగుతూ,
సూప్ తాగినవాడు డబ్బివ్వలేక, నేను పోనీలే అనలేక
ఇద్దరం దాని మొహమే చూస్తూ నిలబడేవాళ్లం.

నా ఆడపడుచు కొడుకు యెరాసిల్ వచ్చి
పొయ్యి గొట్టానికి ఎడంగా పెట్టె ఒకటి బిగించాడు.
"ఇల్లు ఒకటే అత్తా, గుమ్మాలు రెండు.
ఒకటి నీకూ నీ గల్లాకూ. రెండోది వచ్చేపోయేవాళ్లకి.
వాళ్ల గుమ్మంలోంచి నీ వంటిల్లు కనపడదు."

అరచేతిలో పట్టే ప్రింటరు, చీటీ మీద ఎనిమిది అక్షరాలు.
సున్నా ఉండదు, ఓ ఉండదు, ఒకటీ ఎల్లూ ఉండవు,
కళ్లజోడు మర్చిపోయినవాళ్లు నన్ను తిట్టుకోకుండా.
చీటీకి నాలుగు గంటలు, ఒక్క ఫోను.
మొదటిసారి కొట్టినప్పుడే గడియారం మొదలవుతుంది.
కొట్టకపోతే?
"అలాగే పడుంటుంది, డబ్బాలో పిండిలా."

గిన్నెడు సూప్‌కి ఒక చీటీ. టీకి లేదు.
టీకీ ఇమ్మన్నవాడి వైపు ఒకసారి చూశాను,
వాడే సర్దుకున్నాడు.

అక్టోబరులో గాలి లేచింది.
కాస్పియన్ మీద గాలి లేస్తే ఓడ రాదు,
ఓడ రాకపోతే లారీ కదలదు,
లారీ కదలకపోతే నా పొయ్యి ఆరదు.
తొమ్మిది రోజులు.
దుర్ముష్ అని టర్కీ కుర్రాడు, చీటీలు చాలక
పూటకి రెండు సూప్‌లు తాగాడు.
కూతురికి పళ్లొస్తున్నాయట.
ఆ రెండు పళ్లూ మా అందరికీ చూపించాడు, వంట మనిషితో సహా.

గోదెర్జీ అలా కాదు.
జార్జియా మనిషి, యాభై దాటినవాడు.
ఫోను బోర్లా పెట్టి తింటాడు.
చీటీ తీసుకుంటాడు, నాలుగు మడతలు పెడతాడు,
చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకుంటాడు.

రాత్రి కొట్టు కట్టాక పలక తెరిచి చూస్తాను.
పచ్చ చుక్క నడుస్తున్నది, బూడిద చుక్క అయిపోయినది,
తెల్ల చుక్క తెరవనిది.
పదకొండు తెల్లవి. అన్నీ అతని చేతికిచ్చినవే.
(నంబర్లు పద్దుపుస్తకంలోనూ రాసుకుంటాను.
మిషన్లని ఒంటరిగా నమ్మే వయసు కాదు నాది.)

"పని చెయ్యట్లేదా?" అని అడిగాను.
"పని చేస్తుందనే" అన్నాడు,
రొట్టె తుంచుకుంటూ.

పదో రోజు ఓడ కూసింది. అందరూ పోయారు.

డిసెంబరులో యెరాసిల్ ఫోను:
"పాత చీటీలు చెరిపేస్తున్నా అత్తా."
ఆ పదకొండూ ఉంచు.
"ఎందుకు?"
ఉంచమన్నాను.

ఫిబ్రవరి. రాత్రి రెండు దాటింది,
మోకాళ్ల నొప్పికి నిద్ర రాక పలక తెరిస్తే
పచ్చ చుక్క.
బల్లల దగ్గర ఎవరూ లేరు. కుర్చీలన్నీ తలకిందులు.
కిటికీ అద్దం మీద మంచు గీకి చూశాను.
ఆవరణలో ఆరు లారీలు,
ఒకదాని ముందు గదిలో నీలంగా కొంచెం వెలుతురు.

వచ్చేది కాస్త, పోయేది కాస్త, సన్నటి ధార.
బొమ్మలు కావు, మాటలే అయ్యుండాలి.
ఒక్కోసారి రెండు వైపులా ఏమీ కదలదు.
అయినా తెగదు.
మూడు గంటల యాభై ఒకటి.
మూడు గంటల నలభై.

వాళ్ల గుమ్మంలోంచి నా వంటిల్లు కనపడదన్నాడు కదా వాడు,
మరి ఇటునుంచి అటు?
పలక బోర్లా పెట్టాను.
బౌర్సాక్‌లకి పిండి కలిపాను, కావలసినదానికన్నా ఎక్కువే.

ఆరింటికి తిప్పి చూస్తే
ఒకటి బూడిద. పక్కనే రెండోది
పచ్చగా.

ఎముకలు పొయ్యి మీదికి ఎక్కించాను.
సూప్ అయ్యేసరికి పదవుతుంది.